ఆఖరి చెయ్యి

ఆ వీధిలో ఆయన్ని అందరూ గుండ్రాల మేస్త్రీ అనేవాళ్ళు. పలకగా ఉన్న వస్తువు ఆయన చేతుల్లోంచి ఒక్కటి బయటికొచ్చిన పాపాన పోలేదు మరి. కుర్చీ కాళ్ళు, మెట్ల పక్కన వరసగా నిలబెట్టే చెక్క కడ్డీలు, సొరుగులకి పిడులు, గిన్నెలు, పళ్లేలు... చెక్కని బిగించి తిప్పే లేత్ మిషను మీద తిరిగేది ఏదైనా సరే ఆయన సొత్తే. తిరగని దాని మొహం కూడా చూసేవాడు కాదు. ఇంటి వీధి తలుపు ఉబ్బిపోయి గడపకి రాసుకుంటూ ఉంటే, ఎన్ని వానాకాలాలు పోయినా దాని మీద చిత్రిక పట్టలేదు.

"ఆ తలుపు కూడా గుండ్రంగా చేయిస్తే పోలా? అప్పుడైనా ముట్టుకుంటారు" అనేది వాళ్ళావిడ.

వాళ్ళావిడ బట్టలు కుడుతుంది. మేడ మీద గదిలో ఆవిడ కుట్టుమిషను, కింద వీధి గదే కొట్టు, అందులో ఈయన లేత్. రెండూ ఒకేసారి నడిస్తే ఇల్లంతా రైలెక్కినట్టు ఊగేది. అలమారలో కప్పులు ఒకదానితో ఒకటి ముచ్చట్లాడుకునేవి. కింద చప్పుడు ఆగిందంటే ఆవిడ టీ పెట్టేది. పైన చప్పుడు ఆగిందంటే మాత్రం, తన మీదకి ఏదో నేరం దిగి రాబోతోందని ఈయన సర్దుకు కూర్చునేవాడు.

ఆ లేత్ ఆయన సొంతంగా కొన్నది కాదు. మేనమామది. నల్లటి పోత ఇనుము, ఏనుగంత బరువు, తోలు బెల్టు. చిన్నప్పుడే నాన్న పోతే, మేనమామే ఈయన్ని చేరదీసి పని నేర్పాడు. పనితో పాటు ఆ కొట్లో ఉన్న పద్ధతి కూడా నేర్పాడు. ఆ పద్ధతికి ఒక పేరుంది. ఆఖరి చెయ్యి.

అదేంటంటే, ఆ కొట్లో ఏ వస్తువు ఎవరు చేసినా, పూర్తయ్యాక లేత్ మీంచి దించకూడదు. కొట్టుకి పెద్దవాడు వచ్చి, ఉలి తీసుకుని, ఒక్కసారి అలా పైపైన పట్టాలి. అప్పుడే అది అయినట్టు లెక్క. అవసరం ఉన్నా, లేకపోయినా అంతే. మేనమామకి కళ్ళు మసకేసిన రోజుల్లో కూడా కుర్చీలోంచి లేచి, గోడ పట్టుకుని వచ్చి, మేనల్లుడు చేసిన గిన్నె మీద ఆఖరి చెయ్యి వేసి, "ఊ, ఇప్పుడయింది" అని వెళ్ళి కూర్చునేవాడు. ఆయన పోయేదాకా మేస్త్రీ చేసిన వస్తువు ఏదీ మేస్త్రీ ఒక్కడి చేత్తో బయటికి పోలేదు.

అది ప్రేమేనని అనుకున్నాడు మేస్త్రీ. ఒకే ఒక్కసారి అనుకోలేకపోయాడు. కొత్తగా పెళ్ళయినప్పుడు, భార్య సూదులూ దారపు ఉండలూ పెట్టుకుంటుందని మూత ఉన్న చిన్న డబ్బా చేశాడు. దొంగచాటుగా చేశాడు. మూత వేస్తే లోపలి గాలి "ఉఫ్" మని ఊదేంత బాగా కుదిరింది. ఎక్కణ్ణుంచి చూశాడో మేనమామ చూశాడు, వచ్చాడు, ఆఖరి చెయ్యి వేశాడు. మూత కాస్త వదులైంది. ఆ రోజు మేస్త్రీ పెరట్లోకి వెళ్ళి మొద్దుని ఒక్క తన్ను తన్నాడు. కాలి బొటనవేలు వాచింది.

"ఆ డబ్బాలో సూదుల కన్నా, మీ బొటనవేలికి కట్టిన గుడ్డ ముక్కలే ఎక్కువ దాచాను" అని వాళ్ళావిడ ఇప్పటికీ దెప్పుతుంది.

అంత తెలిసిన మనిషి తన కూతురి విషయంలో ఏం చేశాడో చూడండి.

కూతురు ఒక్కతే. ముద్దుపేరు బొంగరం. నిజానికి లేత్ మీద ఆ పిల్ల మొట్టమొదట చేసింది కూడా బొంగరమే. బల్ల ఎక్కి నిలబడి చేసింది. తర్వాత చదువు వద్దంది, కుట్టుపని అంతకంటే వద్దంది, నాన్న పక్కన నిలబడతానంది. ఉలి పట్టుకుంటే ఆ చేతిలో బరువుండేది కాదు. చెక్క మీంచి పొట్టు రిబ్బన్లా లేచి భుజం మీదుగా పోయేది. పక్క కొట్లో గడియారాలు బాగుచేసే ఆయన పని మానేసి వచ్చి గుమ్మంలో నిలబడి చూసేవాడు.

"బావా, నీ కూతురు చెక్కని కొయ్యట్లేదయ్యా, బుజ్జగిస్తోంది" అనేవాడు.

గడియారాలాయనకి ఈయనతో చుట్టరికం ఏమీ లేదు. టీ పొత్తు కుదిరి బావా అని పిలవడం అలవాటైపోయింది అంతే.

బొంగరం ఎంత బాగా చేసినా మేస్త్రీ వచ్చి ఆఖరి చెయ్యి వేసేవాడు. మేనమామలాగే "ఊ, ఇప్పుడయింది" అనేవాడు. మొదట్లో ఆ పిల్ల నవ్వేది. తర్వాత చేతులు తుడుచుకుంటూ పక్కకి చూసేది. ఒకరోజు అనేసింది.

"నాన్నా, నువ్వు ముట్టుకోకముందు కూడా అయింది కదా."

"అయిందే. కాకపోతే ఇప్పుడు బాగా అయింది."

"అంటే అప్పుడు బాగా కాలేదా?"

"నేనలా అన్నానా?"

"నీ నోరు అనలేదు. నీ ఉలి అంది."

పైనుంచి వాళ్ళమ్మ కేక వేసింది. "అడుగు, గట్టిగా అడుగు! నా డబ్బా మూత సంగతి కూడా అడుగు!"

ముగ్గురూ నవ్వుకున్నారు. నవ్వుకుని ఊరుకున్నారు. అప్పుడు ఊరుకోకుండా ఉండాల్సిందని మేస్త్రీకి తర్వాత చాలాసార్లు అనిపించింది.

ఆ ఊళ్ళో చేతిపనుల వాళ్ళకి ఒక సంఘం ఉంది. ఏడాదికోసారి పెద్ద హాల్లో ప్రదర్శన పెడతారు. కొత్తవాళ్ళు సొంతంగా చేసిన వస్తువు ఒకటి తెచ్చివ్వాలి. పెద్దలు దాన్ని దీపం కింద పెట్టి తిప్పి చూస్తారు. నచ్చితే వాళ్ళకి సొంత ముద్ర ఇస్తారు. ఇంక ఆ తర్వాత వాళ్ళు చేసిన ప్రతి వస్తువు అడుగునా ఆ ముద్రే పడుతుంది. బొంగరం అప్పటిదాకా చేసినవాటన్నిటి అడుగునా మేనమామ నాటి కొట్టు ముద్రే ఉంది. ఆ పిల్లకి తన ముద్ర కావాలి. ఇంక వేరే ఏ కోరికా లేదు. చీర అడగలేదు, చెవులకి అడగలేదు.

ప్రదర్శనకి పళ్లెం చేస్తానంది. వాయిద్యాలు చేసే కొట్టు ఒకటి మూసేస్తుంటే వెళ్ళి మేపుల్ పలక ఒకటి సంపాదించుకొచ్చింది. మేపుల్ అంటే పాలమీగడ రంగులో ఉండే గట్టి చెక్క. ఎక్కడో ఒక చెట్టుకి మాత్రం లోపల నార తిన్నగా పెరగకుండా మెలికలు తిరుగుతూ పెరుగుతుంది. దాన్ని కోసి నునుపు చేస్తే పైన అలలు కనిపిస్తాయి. చేత్తో తడిమితే అద్దంలా ఉంటుంది, కంటికి మాత్రం గాలికి ఊగే పట్టుగుడ్డలా ఉంటుంది. చూడ్డానికి ఎంత అందమో, చెయ్యడానికి అంత తలనొప్పి. ఆ మెలికల దగ్గర ఉలి కాస్త మొద్దుబారినా, కాస్త తొందరపడినా నార తెగకుండా పీక్కుని లేచిపోతుంది. దాన్ని వీళ్ళు చిరుగు అంటారు.

పళ్లేనికి ఇంకో చిక్కుంది. అంచు ముందు పూర్తి చెయ్యాలి, నడుమ తర్వాత తొలవాలి. ఎందుకంటే నడుమ చెక్క తీసేశాక అంచుకి ఆసరా పోతుంది. లోపల బిగుసుకుని ఉన్న చెక్క ఒళ్ళు విరుచుకుని, కంటికి తెలియనంత వంకర పోతుంది. అప్పుడు మళ్ళీ అంచు మీద ఉలి పెట్టారో, పని అయిపోయినట్టే. ఈ సంగతి బొంగరానికి చెప్పింది మేస్త్రీయే. చిన్నప్పటి నుంచీ జోరీగలా చెవిలో పోరుతూనే ఉన్నాడు.

ఆ రోజు సాయంత్రంలోపు హాల్లో ఇచ్చెయ్యాలి. పొద్దున్నుంచీ లేత్ దగ్గరే ఉంది పిల్ల. వెనక భాగం అయింది, తిప్పి బిగించింది, అంచు పలచగా తీసి గరుకు కాగితంతో నునుపు చేసింది, నడుమ తొలిచింది. మధ్యలో చిన్న బొడిపె ఒక్కటి మిగిలింది. అప్పుడు చూసుకుంటే చెక్కకి పట్టించే నూనె సీసా ఖాళీగా ఉంది.

"సందు చివర కొట్టుకెళ్ళి నూనె తెస్తాను నాన్నా. అంచు అయిపోయింది. ఆ బొడిపె నేనొచ్చి తీస్తా. ముట్టుకోకు." అని తన ఏప్రన్ విప్పి పళ్లెం మీద కప్పింది.

"నాకేం పని? నేను కాళ్ళు చేసుకుంటున్నానుగా" అన్నాడు మేస్త్రీ.

నిజంగానే కుర్చీ కాళ్ళకి గీతలు పెట్టుకుంటున్నాడు. కాసేపు పెట్టాడు. తర్వాత ఏప్రన్ కాస్త ఎత్తి చూశాడు. తర్వాత మొత్తం తీసేశాడు.

గుండె నిండిపోయింది. అలాంటి పళ్లెం ఆయన తన జన్మలో చెయ్యలేదు. మేనమామా చెయ్యలేదు. కిటికీలోంచి వెలుగు పక్కవాటుగా పడుతోంది. అలలు అంచుదాకా వచ్చి ఆగాయి. అక్కడే ఒకచోట ఆయనకి పొట్టి పొట్టి గీతలు కనిపించాయి. చిరుగేమోనని అనుమానం వచ్చింది. అనుమానం వచ్చినప్పుడు వేలితో చూసుకోవాలి. కన్ను మోసం చేస్తుంది, వేలు చెయ్యదు. మేస్త్రీ వేలు పెట్టాడు.

ఆ వేలికి ఏమీ తెలియలేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. మేస్త్రీ వేళ్ళ చివర్లు చాలా రోజుల నుంచీ మొద్దుబారిపోయి ఉన్నాయి. ఏళ్ళ తరబడి లేత్ అదురుకి ఉలి పట్టుకుని పట్టుకుని అలా అయ్యాయి. వేడిగ్లాసు పట్టుకున్నా ఆలస్యంగా తెలిసేది. కప్పు జారిపోతే కప్పు నున్నగా ఉందని తిట్టేవాడు. ఈ సంగతి భార్యకి చెప్పలేదు, కూతురికి చెప్పలేదు, రోజూ కలిసి టీ తాగే గడియారాలాయనకి కూడా చెప్పలేదు. చెప్తే కొట్లో పెద్దరికం పోతుందని భయం. ఇంకేం లేదు.

వేలు చెప్పలేదు కాబట్టి కన్ను చెప్పిందే నమ్మాడు. ఈ చిరుగుతో హాలుకెళితే పిల్ల పరువు పోతుంది, అది చూసుకోలేదు, నేనున్నాను కాబట్టి సరిపోయింది, ఒక్కసారి పైపైన పడితే చాలు. అలా అనుకున్నాడు. చెడు చెయ్యాలని ఎవరనుకుంటారు చెప్పండి?

ఉలి తీసుకుని స్విచ్ వేశాడు. ఉలి అంచుకి తగలగానే టకటకమని చప్పుడు వచ్చింది. అంచు వంకరపోయిందని చెప్పే చప్పుడది. నిద్రలో విన్నా గుర్తుపడతాడు. ఇంకెవరి పళ్లెం అయినా వెంటనే చెయ్యి వెనక్కి తీసేవాడు. కూతురిది కాబట్టి, ఇంకొంచెం, ఈ ఒక్క గీతా పోనీ అని చెయ్యి నొక్కాడు.

ధన్ మంది. సగం పళ్లెం ఎగిరి కిటికీ రెక్కకి కొట్టుకుని కింద పడింది. మిగతా సగం లేత్ మీద గిరగిరా తిరుగుతూనే ఉంది.

పైన కుట్టుమిషను ఆగిపోయింది. మెట్ల మీద చెప్పుల చప్పుడు.

"ఏమైందండీ? దెబ్బ తగిలిందా?"

"చెక్కలో లోపం ఉంది" అన్నాడు మేస్త్రీ. నోట్లోంచి మొట్టమొదట వచ్చిన మాట అది. పళ్లెం విరిగినందుకు ఎంత ఏడ్చుకున్నాడో, ఆ మాట అన్నందుకు అంతకన్నా ఎక్కువ ఏడ్చుకున్నాడు తర్వాత.

బొంగరం నూనె సీసాతో వచ్చింది. గుమ్మంలో ఆగింది. నేల మీద పడిన సగాన్ని తీసి, విరిగిన చోటు చూసింది. లోపమేమీ లేదు. అంచు మీద ఉలి దిగిన గాటు మాత్రం ఉంది.

"అంచు ముట్టుకున్నావా?"

"అక్కడ చిరుగు కనిపించిందే అమ్మా. నీ మంచికే..."

ఆ పిల్ల అంచు మీద వేలు పెట్టి ఆ చివర నుంచి ఈ చివరకి మెల్లిగా లాగింది. "చిరుగు కాదు నాన్నా. అలలు" అంది.

అరిచి ఉంటే బాగుండేది. సీసా విసిరి కొట్టినా బాగుండేది. ఆ పిల్ల నూనె సీసాని అలమారలో పెట్టింది. చీపురు తీసుకుని పొట్టంతా ఊడ్చింది. ఉలులు తుడిచి వరసలో పెట్టింది. ఆ నెలలోనే ఊరి అవతల కుర్చీల ఫ్యాక్టరీలో పనికి కుదిరింది. అక్కడికి దగ్గర్లో ఒక గది తీసుకుంది. బస్సులో వెళ్తే ఎంతో దూరం కాదు. అయినా పండుటాకులా రాలిపోయాడు మేస్త్రీ.

వాళ్ళావిడ కొన్నాళ్ళు ఆయనతో మాట్లాడలేదు. మాట్లాడటం మొదలెట్టాక మాట్లాడకపోతేనే నయం అనిపించింది.

"పోయి అడగరాదూ, తప్పయిందని?"

"ఏమని అడగను?"

"ఆ మాటే. తప్పు అయింది. రెండు ముక్కలు. పళ్లెం కూడా రెండు ముక్కలే చేశారుగా, అలవాటే."

వెళ్ళాడు కూడా. ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడ్డాడు. బొంగరం బయటికొచ్చి "అమ్మకి బాగుందా? నువ్వు తిన్నావా?" అని అడిగింది. ఈయన "బాగుంది, తిన్నాను" అన్నాడు. "ఇక్కడ కాళ్ళే చేస్తావా?" అన్నాడు. "కాళ్ళే" అంది. తప్పయింది అన్న మాట గొంతుదాకా వచ్చింది. అదొక్కటే అయితే వచ్చేసేదే. దాని వెనక వేళ్ళ సంగతి కూడా రావాలి. ఎందుకు ముట్టుకున్నావంటే ఎందుకో చెప్పాలి కదా. అక్కడ ఆగిపోయాడు. బస్సెక్కి వచ్చేశాడు.

"ఏమైంది బావా?" అన్నాడు గడియారాలాయన.

"ఏముంది. తిన్నావా అంది, తిన్నానన్నాను."

"దీనికోసం బస్సు ఎందుకయ్యా, నేనడిగేవాణ్ణి కదా."

ఏడాది తిరిగింది. మళ్ళీ ప్రదర్శన రోజులొచ్చాయి. ఒకరోజు పొద్దున్నే వీధి తలుపు కిర్రుమని ఈడ్చుకుంటూ తెరుచుకుంది. బొంగరం. చంకలో గుడ్డ చుట్టిన పలక. గుడ్డ తీసింది. మేపులే. ఎక్కడెక్కడ తిరిగి పట్టుకొచ్చిందో.

"ఫ్యాక్టరీ లేత్‌లన్నీ సన్నవి నాన్నా. కాళ్ళకి తప్ప ఇంత వెడల్పు వాటి మీద పట్టదు. ఈ ఒక్కరోజు దీని మీద చేసుకుంటా."

"చేసుకోవే! నీది కాదా ఏంటి?"

"ఒక్క మాట. నువ్వు ముట్టుకోకూడదు."

"ముట్టుకోను."

"ఉలి కూడా."

"ఉలి కూడా. అసలు చేతులే లేవనుకో."

అన్న మాట నిలబెట్టుకున్నాడు. కిటికీ పక్కన బల్ల మీద, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. టీ తెచ్చిన భార్య చూసి ఆగిపోయింది.

"ఏమిటండీ, బళ్ళో గోడకుర్చీ వేయించినట్టు? టీ తాగడానికైనా చెయ్యి తియ్యండి. నేను చూస్తుంటాలెండి, ఎటూ పోనివ్వను."

బొంగరం నవ్వింది. ఆ నవ్వు విని ఏడాదయింది. మేస్త్రీకి కళ్ళు చెమర్చాయి. పొట్టు పడిందని తుడుచుకున్నాడు.

పని సాగింది. వెనక భాగం అయింది. తిప్పి బిగించింది. అంచు తీసింది. ఈ ఏడాదిలో ఆ చెయ్యి ఇంకా కుదిరింది. లేత్ ఆపి, దీపం దించి, వేలితో అంచంతా తడిమి చూసుకుంటోంది. మేస్త్రీ కూర్చున్న వైపు కిటికీ వెలుగు చెక్కకి పక్కవాటుగా తగులుతోంది. ఆ వెలుగులో ఆయనకి అంచు మీద ఒకచోట పొట్టి గీతలు కనిపించాయి.

అలలా? చిరుగా? కిందటిసారి కూడా ఇలాగే కనిపించాయి. కాదు, అలా లేవు. ఇవి అలలకి అడ్డంగా ఉన్నాయి, నూగులా లేచి ఉన్నాయి. చిరుగే. కాకపోతే? వేలు పెట్టి చూద్దామంటే మాటిచ్చాడు. పెట్టినా ఆ వేలు ఏం చెప్తుంది గనక. బొంగరం తడుముకుంటూ తడుముకుంటూ ఆ చోటుదాకా వచ్చి, గరుకు కాగితం కింద పడితే వంగి తీసుకుని, ఆ చోటు దాటి అవతల నుంచి మొదలుపెట్టింది.

మేస్త్రీ నోరు తెరిచాడు. మళ్ళీ మూసుకున్నాడు. ఇప్పుడు ఏదైనా అంటే, ఇంకా నీ బుద్ధి మారలేదా అనుకుంటుంది. ఏడాది తర్వాత గుమ్మం తొక్కిన పిల్ల. పోనీలే, నా కళ్ళే తప్పు చూసి ఉంటాయి. అంత బాగా చేసే పిల్లకి తెలియదా?

ఆ పిల్ల నడుమ తొలవడం మొదలుపెట్టింది. పొట్టు ఎగిరి ఆయన మోకాళ్ళ మీద పడుతోంది. మేస్త్రీ కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. ఇంక అంచుకి తిరిగి వెళ్ళే దారి లేదు.

బొడిపె తీసింది. నునుపు చేసింది. నూనె పోసి గుడ్డతో రుద్దింది. రుద్దుతుంటే అలలు లేచాయి. కిందటి దానికన్నా బాగున్నాయి. గుడ్డ తిరుగుతూ తిరుగుతూ అంచుకి వచ్చింది. ఒకచోట ఆగింది. అక్కడ నూనె చెక్కలోకి ఇంకి, బొటనవేలంత మేర నల్లటి మచ్చ తేలింది. చిరుగున్న చోట నూనె ఎప్పుడూ అంతే, మరకలా పట్టుకుంటుంది.

బొంగరం ఆ మచ్చని చూసింది. తర్వాత కిటికీని చూసింది. తర్వాత కిటికీ పక్కన కూర్చున్న మనిషిని.

"నీకు కనిపించిందా నాన్నా? ముందే?"

అబద్ధం చెప్పొచ్చు. ఇంతకు ముందొకటి చెప్పాడు కూడా. "కనిపించింది" అన్నాడు.

"మరి చెప్పలేదేం?"

"నువ్వే కదమ్మా వద్దన్నావు..."

"ముట్టుకోవద్దన్నాను. చెప్పొద్దన్నానా? అక్కడ చూడవే అంటే నేను వేలు పెట్టి చూసుకునేదాన్ని కదా. చిటికెలో పోయేది."

ఇన్నేళ్ళలో, లోపం కనిపిస్తే ముట్టుకోకుండా చెప్పడమనేది ఒకటి ఉందని మేస్త్రీకి తట్టనే లేదు. మేనమామ ఆయనకి ఎప్పుడూ చెప్పలేదు. వచ్చి చెయ్యి వేసేవాడు, అంతే.

పళ్లెం లేత్ మీంచి దించింది పిల్ల. వాళ్ళమ్మ వచ్చి, ఇంత బాగుంటే ఆ చిన్న మచ్చ ఎవరు చూస్తారే, పట్టుకెళ్ళు అంది. "దీపం కింద పెట్టి తిప్పుతారమ్మా. మొదట చూసేది అదే" అంది బొంగరం. కోపంగా అనలేదు. వచ్చే ఏడు చూద్దామంది. పళ్లేన్ని గుడ్డలో చుట్టుకుంది. ఏం చేస్తావే దాన్ని అంటే, గదిలో తాళాలూ చిల్లరా వేసుకుంటానంది.

బస్సు స్టాండుదాకా వెంట వెళ్ళాడు మేస్త్రీ. సాయంత్రం, ఆఫీసులు వదిలే వేళ. బెంచీ నిండా జనం. ఇద్దరూ గోడకి ఆనుకుని నిలబడ్డారు. ఆయనే అన్నాడు.

"నా వేళ్ళకి స్పర్శ లేదే అమ్మా."

ఆ పిల్ల తిరిగి చూసింది.

"చివర్లు. ఏమీ తెలియదు. గరుకూ తెలియదు, నునుపూ తెలియదు. కళ్ళు ఒక్కటే మిగిలాయి. అవి ఒక్కోసారి సరిగ్గా చెప్తాయి, ఒక్కోసారి చెప్పవు."

బొంగరం పళ్లేన్ని చంకలోకి మార్చుకుని ఆయన చెయ్యి అందుకుంది. వేళ్ళ చివర్లని ఒక్కొక్కటిగా నొక్కి చూసింది. గోరు దిగేలా నొక్కింది. ఆయన మొహంలో ఏ మార్పూ లేదు.

"ఎప్పట్నించి?"

"ఆ పళ్లేనికి ముందు నుంచే."

"అమ్మకి తెలుసా?"

తల అడ్డంగా ఊపాడు.

"అప్పుడే చెప్పి ఉంటే నాన్నా..." అని ఆగిపోయింది. చెప్పి ఉంటే ఏమయ్యేదో ఇద్దరికీ తెలుసు. పక్కపక్కనే నిలబడేవాళ్ళు. ఆయన కిటికీ వైపు నుంచి చూసి చెప్పేవాడు, ఆ పిల్ల వేలితో చూసుకునేది. చాలా ఏళ్ళు అలా పని చేసేవాళ్ళు.

"ఫ్యాక్టరీ మానేస్తావా?" అన్నాడు మేస్త్రీ. అడగకూడదని తెలిసే అడిగాడు.

"ఇప్పుడెలా నాన్నా? అక్కడ నన్ను కాళ్ళు చేసేవాళ్ళకి పెద్దని చేశారు. కొత్తగా ఇద్దరు పిల్లలు నా దగ్గర నేర్చుకుంటున్నారు."

"వాళ్ళు చేసినదాని మీద నువ్వు చెయ్యి వేస్తావా?"

"వెయ్యను. నోరు నొప్పెట్టేదాకా చెప్తాను" అంది.

బస్సు వచ్చింది. జనం తోసుకుంటుంటే ఆ పిల్ల మెట్టు మీద నిలబడి, "డాక్టరుకి చూపించు. అమ్మకి ఈ రాత్రే చెప్పు, నేను చెప్పేలోపు" అని అరిచింది. బస్సు కదిలింది. మేస్త్రీ చెయ్యి ఎత్తి ఊపాడు. తర్వాత ఆ చెయ్యి తిప్పి చూసుకున్నాడు. పిల్ల గోటి గాట్లు వేళ్ళ మీద ఎర్రగా వరసగా ఉన్నాయి. కంటికి బాగానే కనిపిస్తున్నాయి.